రెండో తాళంచెవి

పక్క వాటాలో ఉండే పోస్టుమాస్టరు భార్యకి వాళ్ళ తోటికోడలు చెప్పిందట. ఆ తోటికోడలికి కళ్ళజోళ్ళ కొట్టాయన భార్య చెప్పిందట. ఆవిడైతే కళ్ళారా చూసినవాళ్ళ కంటే గట్టిగా చెప్పిందట. సంగతేమిటంటే, ఎవరో ఒకాయన ఇల్లు బాగుచేయించుకుంటూ సామానంతా పట్టుకెళ్ళి, అద్దెకిచ్చే సామాన్ల గదుల్లో పెట్టుకున్నాడట. పెట్టి పదిరోజులైనా కాకముందే ఆయన తోడల్లుడు ఒక్కడూ ఆ గదుల ఆఫీసుకి పోయి, బల్ల మీద తల బాదుకుని ఏడ్చాడట. మా షడ్డకుడు చావుబతుకుల్లో ఉన్నాడు, ఆయన మందుల చీటీ ఆ బీరువాలో ఉండిపోయింది, తలుపు తీసి పుణ్యం కట్టుకోండి అన్నాడట. వాళ్ళు జాలిపడి తీశారట. ఆ చావుబతుకుల్లో ఉన్నాయన రెండు నెలలకి నిక్షేపంగా లారీ కట్టించుకుని వస్తే, గదిలో చీపురొకటి మిగిలిందట. అదీ అరిగిపోయిన చీపురేనట.

ఈ మాట స్టోర్‌కీపరు చెవిన పడేసరికి ఆయన సామాను సగం కట్టేసి ఉన్నాడు. ఆ రాత్రి ఆయనకి అన్నం సహించలేదు.

పెద్దాసుపత్రి మందుల స్టోరులో ఆయనది ఇరవై రెండేళ్ళ ఉద్యోగం. అక్కడ మత్తుమందుల బీరువాకి రెండు తాళాలుంటాయి. ఒక చెవి ఆయన దగ్గర, రెండోది హెడ్ నర్సు దగ్గర. ఇద్దరూ పక్కపక్కన నిలబడితే గాని బీరువా తెరుచుకోదు. మనుషులు కల్పించిన ఏర్పాట్లన్నిట్లోనూ ఆయనకి మనసుకి పట్టింది అదొక్కటే. ఆసుపత్రిలో అందరూ ఆయన్ని వెనకాల 'జంటతాళాలు' అంటారు. ఎవరైనా పిరికివాడని వేళాకోళం చేస్తే ఆయనకి కోపం రాదు. పిరికితనానికి ఆయన చిన్నప్పుడే జాగ్రత్త అని పేరు పెట్టుకున్నాడు.

ఇల్లు ఖాళీ చెయ్యాల్సిన అవసరం నిజంగానే వచ్చిపడింది. గచ్చు కింద నీళ్ళ గొట్టం పగిలి గోడలు మోకాలెత్తున చెమ్మ పీల్చాయి. గచ్చంతా తవ్వాలి, రెండు నెలల పని. రెండు వీధుల అవతల మేడ మీద రెండు గదులు దొరికాయి గాని, అందులో మనుషులు పడితే సామాను పట్టదు, సామాను పడితే మనుషులు పట్టరు. అందుకని సగం సామాను ఊరి చివర మూడంతస్తుల సెల్ఫ్ స్టోరేజీలో, అలాంటి అద్దెగదుల్లోనే, పెట్టాలని తేలింది. అక్కడ నడవాకి రెండు వైపులా పసుప్పచ్చ షట్టర్లు, ఏ అంతస్తు చూసినా ఒక్కలాగే ఉంటాయి. మనిషి అలికిడి ఉన్నంతసేపే దీపాలు వెలుగుతాయి.

అక్కడి మేనేజరమ్మ ఓపికమంతురాలు. బరువైనవి అడుగున, తేలికవి పైన పెట్టమంది. పుస్తకాలు చిన్న పెట్టెల్లో సర్దమంది, పెద్ద పెట్టెలో నింపితే ఎత్తేవాడి నడుమూ పోతుంది, పెట్టె అడుగూ పోతుంది అని. ఫ్రిజ్జు తలుపు ఓరగా ఉంచి గుడ్డముక్క అడ్డం పెట్టాలట, లేకపోతే బూజు పడుతుంది. మంచం విప్పినప్పుడు మరలు సంచిలో వేసి ఆ మంచం కోడుకే కట్టాలి. లోపలి వరస దాకా మనిషి నడిచే దారి వదలాలి. షట్టరు కింద సందు మూయకూడదు, గాలాడాలి. స్టోర్‌కీపరు అన్నీ నోటుబుక్కులో రాసుకున్నాడు. ఆఖరిది మాత్రం రాస్తూ ఆగాడు. సందుంటే ఎలుక దూరదా?

ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టే ముందు, అడుగున ఖాళీగా ఉన్న చోట తన చేత్తోనే ఒక షరతు చేర్చాడు. 'ఈ గదికి రెండు తాళములు ఉండును. ఒక చెవి నా వద్ద, రెండవ చెవి మా అత్తగారి వద్ద ఉండును. ఇద్దరమూ కలిసి వచ్చి సంతకములు చేసినప్పుడే తెరువవలెను. ఒక్కరే వచ్చి ఎట్టి కథ చెప్పినను, ఏడ్చినను, ఆ వచ్చినది నేనే అయినను, నమ్మరాదు.'

మేనేజరమ్మ కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదివింది. "మీరే వచ్చి ఏడ్చినా?"

"నేనే వచ్చి ఏడ్చినా. నమ్మకం మనిషి మీద కాదు మేడమ్, తాళం మీద పెట్టాలి."

రెండో చెవికి అత్తగారే ఎందుకంటే దానికీ లెక్కుంది. ఆయన భార్య బళ్ళో పంతులమ్మ, స్టాఫ్ రూము తాళంచెవి ఇప్పటికి మూడుసార్లు పారేసింది. అత్తగారు నూలుమిల్లులో ముప్ఫయ్యేళ్ళు యంత్రాల ముందు నిలబడి, నలభైమంది ఆడవాళ్ళ చేత పని చేయించిన మనిషి. అల్లుణ్ణి ఆవగింజంతైనా నమ్మదు. తనని నమ్మని మనిషి కంటే నమ్మదగ్గ మనిషి ఎవరుంటారని స్టోర్‌కీపరు ఆలోచన. ఎనిమిదేళ్ళుగా ఒకే కప్పు కింద ఉంటున్నా ఇద్దరి మధ్యా మాటలు కూతురి మీదుగానే నడుస్తాయి. మీ ఆయనకి చెప్పవే అని ఆవిడ, మీ అమ్మగారిని అడుగు అని ఈయన.

శనివారం పొద్దున్నే సామాను ఎక్కించి, పన్నెండింటికల్లా తాళం వేసి, భోజనాల వేళకి మేడ మీదకి చేరిపోవాలని ఏర్పాటు. భార్యకి బళ్ళో పరీక్షలు, సెలవు దొరకలేదు. ఆయన స్టోరేజీకి వెళ్ళే సామానంతటికీ ఒకటి నుంచి నూట పద్దెనిమిది దాకా నంబర్లు అంటించాడు. అందులో అరవై మూడోది అత్తగారి వాలుకుర్చీ. వ్యాను వచ్చేసరికి ఆవిడ ఆ కుర్చీలోనే కూర్చుని ఉంది. కుర్చీ ఆఖర్న ఎక్కించమంటుంది ఆవిడ. అరవై మూడు అరవై నాలుగుకి ముందే వెళ్ళాలంటాడు ఈయన. కూలీలు ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నారు. మధ్యలో మాట అందించే కూతురు లేక, స్టోర్‌కీపరు తిన్నగా ఆవిడతోనే అన్నాడు.

"లేవకపోతే కుర్చీతోపాటు మిమ్మల్ని కూడా లోపల పెట్టి తాళం వేసేస్తానండి."

కూలీలు నవ్వారు, వ్యాను డ్రైవరు నవ్వాడు. జీవితంలో ఆయన వేసిన జోకులు చేతివేళ్ళకి మించవు, జనం నవ్వింది మాత్రం దీనికొక్కదానికే. అత్తగారు నవ్వలేదు. లేచి, కుర్చీని కళ్ళెదురుగా ఎక్కించుకుని, వ్యాను ముందు సీట్లో ఎక్కింది. ఈయన స్కూటరు మీద వెనకాల బయల్దేరాడు.

రెండో అంతస్తులో ముప్ఫై నాలుగో నంబరు గది. చెక్కల మీద బరువులు పరిచి, బీరువా గోడకి ఆనించి, మధ్యలో దారి వదిలి, ఆ దారి చివర వాలుకుర్చీ వేశారు. వేసీ వేయగానే అత్తగారు అందులో కూర్చుండిపోయింది. మోకాళ్ళు పట్టేశాయంది. అదీ మంచిదే అనుకున్నాడు ఆయన. లోపలి వరస మీద ఆవిడే ఒక కన్నేసి ఉంటుందిలే అని, కిందకీ పైకీ లిఫ్టులో తిరుగుతూ నంబర్లు టిక్కు పెట్టుకోవడంలో పడ్డాడు. నడవాలో కెమెరా ఒకటి కనిపించింది. కెమెరా చూసేవాడూ మనిషే కదా, మనకేమేం ఉన్నాయో వాడికి తెలియడం దేనికని, దాని మీద పువ్వుల దుప్పటి కప్పించాడు.

తొంభై ఎనిమిదో పెట్టె దగ్గర ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. ఐసులో పెట్టాల్సిన టీకాలు గంట ముందే దిగాయి, ఆయన వచ్చి తాళం తీస్తే గాని లోపలికి వెళ్ళవు. అక్కణ్ణుంచి ఆయనకి కాళ్ళు నిలవలేదు. మిగిలిన పెట్టెలు పక్కల పట్టకపోతే మధ్య దారిలోనే పేర్చమన్నాడు, కప్పు దాకా. షట్టరు బయట నిలబడి "అయిపోయిందా?" అని కేకేశాడు. "అయిపోయింది సార్" అన్నాడు డ్రైవరు. రెండు వందల కలరా ఉండలు గుప్పిళ్ళతో లోపలికి విసిరాడు. షట్టరు దించి, కింది సందులో పాత కంబళి కూరి, దాని మీద రబ్బరు పట్టీ బిగించాడు. తన తాళం నొక్కాడు. అత్తగారి తాళం కూడా ఆయనే నొక్కాడు. కొక్కేలు నేలకి ఆనుకుని ఉన్నాయి, ఆవిడ వంగలేనని పొద్దున్నే తాళం ఈయనకిచ్చేసి, చెవి మాత్రం కొంగున ముడేసుకుంది. ఆవిడ వ్యాను వాళ్ళతో కిందకి వెళ్ళి ఉంటుందనుకుని స్కూటరెక్కి ఆసుపత్రికి పోయాడు. స్కూటరు మీద అల్లుడితో వెళ్తుంది కాబోలనుకుని వ్యాను వాళ్ళు ఇంకో బేరానికి పోయారు.

మూడు గంటలకి మేడ మీద గదులకి వచ్చేసరికి భార్య మంచం మీద జవాబు పత్రాలు పరుచుకుని, ఎర్ర పెన్నుతో దిద్దుతోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"అమ్మని ఎక్కడ దింపారండీ?"

స్టోర్‌కీపరు ఒక చెప్పు విప్పి, రెండోది విప్పకుండా ఆగిపోయాడు. "ఇక్కడ లేరా?"

"మీతో ఉందనుకున్నాను."

వ్యాను డ్రైవరుకి ఫోను చేశాడు. పెద్దమ్మగారు మా బండెక్కలేదు సార్, మీతో వస్తారనుకున్నాం అన్నాడు వాడు. ఆఖరుసారి ఎక్కడ చూశావంటే, అదే సార్, లోపల కుర్చీలో అన్నాడు. అప్పుడు స్టోర్‌కీపరుకి గది మొత్తం, నంబర్ల వరసన, కళ్ళ ముందు నిలబడింది. దారి చివర అరవై మూడు. దాని ముందు తొంభై ఎనిమిది నుంచి నూట పద్దెనిమిది దాకా, కప్పుని తాకుతూ పెట్టెల గోడ. ఆ గోడ ముందు షట్టరు, కంబళి, రబ్బరు పట్టీ. లోపల రెండు వందల కలరా ఉండలు. ఈగ దూరడానికి సందు లేకుండా చేశానని పొద్దున ఎంత సంబరపడ్డాడో. ఈగకి లేని సందు గాలికి మాత్రం ఎక్కణ్ణుంచి వస్తుంది? తాళం వేసింది పదకొండున్నరకి, ఇప్పుడు మూడు దాటింది.

భార్య అమ్మ నంబరుకి ఫోను చేస్తూనే మెట్లు దిగింది. మోగుతోంది, ఎవరూ ఎత్తడంలేదు. స్కూటరు మీద దారి పొడుగునా ఆవిడ మళ్ళీ మళ్ళీ చేస్తూనే ఉంది. ఈయన ప్రతి మలుపు దగ్గరా బ్రేకు బదులు హారను నొక్కాడు.

రెండో అంతస్తులో ముప్ఫై నాలుగో నంబరు షట్టరుకి చెవి ఆనించి, ఇప్పుడు చెయ్యి అన్నాడు భార్యతో. ఆవిడ చేసింది.

ఎక్కడో చాలా లోపల, పరుపుల వెనకా పెట్టెల వెనకా, సన్నగా ఫోను మోగింది. అత్తగారి ఫోనే. పాతకాలపు గంట మోత. పన్నెండుసార్లు మోగి ఊరుకుంది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి విన్నారు. కదలకుండా నిలబడ్డారు కాబట్టి నడవాలో దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. ఆ చీకట్లో స్టోర్‌కీపరు "అత్తయ్యగారూ" అని రెండు చేతులతో రేకు మీద బాదాడు. దీపాలు వెలిగాయి. లోపల ధబ్బున ఏదో పడింది. తరవాత మళ్ళీ ఏమీ లేదు.

"అమ్మ పడిపోయిందండీ" అంది భార్య. ఆవిడ గొంతు అంత చిన్నదవడం ఆయన ఎప్పుడూ వినలేదు.

మెట్ల మీద నుంచి సగం దొర్లుకుంటూ ఆఫీసు గదిలో పడ్డాడు. మా అత్తగారు లోపల ఉండిపోయారు, తాళం పగలగొట్టించండి అన్నాడు. అంటూనే ఉన్నాడు, కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. మేనేజరమ్మ ఆయన్ని కూర్చోమంది. మంచినీళ్ళిచ్చింది. తరవాత సొరుగులోంచి ఒప్పంద పత్రం తీసి, అడుగున ఆయన దస్తూరీ మీద వేలు పెట్టింది.

"మీరే రాశారు కదా సార్. ఎట్టి కథ చెప్పినను, ఏడ్చినను."

"అది దొంగల గురించి రాసింది మేడమ్."

"ఆ వచ్చినది నేనే అయినను అని కూడా ఉంది. మీరు అంత జాగ్రత్తపరులని మా పై ఆఫీసుకి కూడా పంపించాను. మెచ్చుకున్నారు."

కుడితిలో పడ్డ ఎలుకలా ఆయన ఆ కాగితం చుట్టూ తిరిగాడు. ఇద్దరమూ సంతకాలు చెయ్యాలంటే, రెండో మనిషి లోపలే ఉందాయె. రెండో తాళంచెవి ఆ మనిషి కొంగున ఉందాయె. మేనేజరమ్మ రాతిమనిషేమీ కాదు. ఆలోచించి ఒక ఉపాయం చెప్పింది. కాగితం షట్టరు కింద సందులోంచి తోద్దాం, పెద్దావిడ సంతకం పెట్టి ఇటు తోసేస్తే చాలు అంది. ముగ్గురూ పైకి వెళ్ళారు. కాగితం తోస్తే రబ్బరు పట్టీకి తగిలి మడతపడింది. పట్టీ పీకితే కంబళి అడ్డొచ్చింది. ఆ కంబళిని ఆయన ఎంత శ్రద్ధగా కూరాడో, గోళ్ళు విరిగాయి గాని పోగు ఊడిరాలేదు. సందు మూయొద్దని చెప్పాను కదండీ అని మేనేజరమ్మ అన్నప్పుడు ఆయన ఇంకా ఆ కంబళినే పీకుతున్నాడు.

పోనీ, పెద్దావిడ బయటికి వచ్చిందేమో కెమెరాలో చూద్దామంది. కిందకి వచ్చి చూశారు. పొద్దున తొమ్మిదీ పది నుంచి సాయంత్రం దాకా తెర నిండా పువ్వుల దుప్పటి. చామంతులని మేనేజరమ్మ అంది. భార్య ఆ దుప్పటిని గుర్తుపట్టి భర్త వైపు చూసింది. ఆ చూపు ఆయన పెళ్ళయిన పదిహేనేళ్ళలో చూడలేదు.

ఇంతలో వ్యాను డ్రైవరు వచ్చాడు. మంచివాడు, పెద్దమ్మగారి మీద బెంగతో బేరం మధ్యలో వదిలేసి వచ్చాడు. వచ్చినవాడు ఊరుకోక, దిగులుగా అన్నాడు.

"పొద్దున సారు పెద్దమ్మగారితో అంటే జోకనుకున్నాను అమ్మా. కుర్చీతోపాటు మిమ్మల్ని కూడా లోపల పెట్టి తాళం వేస్తానన్నారు."

మేనేజరమ్మ చెయ్యి మెల్లగా టెలిఫోను వైపు జరిగింది, ఆగింది, దాని పక్కనున్న పెన్ను తీసుకుంది. స్టోర్‌కీపరు ఆ చేతినే చూస్తున్నాడు. ఎనిమిదేళ్ళు అత్తగారితో మాటల్లేవు. వీధి వీధికీ తెలుసు. దారి మూయించింది తను, సందు కూరింది తను, కెమెరా కప్పించింది తను, రెండు తాళాలూ నొక్కింది తను. ఒక్క పని కూడా ఇంకొకడి మీదకి నెట్టడానికి లేదు. న్యాయంగా ఆలోచిస్తే తనని తానే నమ్మేట్టు లేదు. అయినా నలుగురూ అనుమానిస్తారన్న ఆ భయం కూడా వెనకే ఉంది. ముందున్నది మాత్రం చీకట్లో ఒక వాలుకుర్చీ, తెల్లటి తల, కలరా ఉండల వాసన. పొద్దున ఆవిడ కాఫీ కూడా సగం గ్లాసే తాగిందని ఆయనకి అప్పుడు గుర్తొచ్చింది. మిగిలిన సగం ఆయనే పారబోసి, గ్లాసుకి నంబరు అంటించాడు.

నాలుగున్నరయింది. ఐదుకి ఆఫీసు మూసేస్తారు, రేపు ఆదివారం. మేనేజరమ్మ నియమాల పుస్తకం తిరగేసి, గొంతు తగ్గించి, ఒక దారి ఉందంది. ఇద్దరిలో ఒకరు లేని పక్షంలో వారసులు సంతకం పెట్టొచ్చు.

లేని పక్షంలో అన్న మాట అక్కడే బల్ల మీద పడి ఉంది. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. భార్య చెయ్యి చాపి కాగితం దగ్గరికి లాక్కుంది. చేతిలో ఉన్నది దిద్దుబాటు పెన్నే కాబట్టి సంతకం ఎర్రగా పడింది. ఆ ఎర్ర సంతకం చూడగానే స్టోర్‌కీపరు గోడకి జారబడి, చిన్నపిల్లాడిలా గొంతెత్తి ఏడ్చాడు. మా అమ్మ పోయినప్పుడు కూడా ఇంత భయం వెయ్యలేదే అని, ఎవరికి చెబుతున్నాడో తెలియకుండా చెప్పాడు.

డ్రైవరు పరిగెత్తుకెళ్ళి వెల్డింగు షాపాయన్ని, కోత మిషనుతో సహా తీసుకొచ్చాడు. స్టోర్‌కీపరు తన తాళం తను తీశాడు, మూడుసార్లు చెవి జారిపోయాక. అత్తగారి తాళం దగ్గర వెల్డింగాయన కూర్చున్నాడు. మిషను కూత పెట్టింది, నిప్పురవ్వలు లేచాయి. తాళం మీద గీత మాత్రం పడింది. ఇది సుత్తికీ లొంగదు, రంపానికీ లొంగదు, ఎవరో తెలిసినవాడే కొన్నాడు అని మెచ్చుకున్నాడు ఆయన. కొన్నవాడు పక్కనే షట్టరుకి నోరు ఆనించి అరుస్తున్నాడు.

"అత్తయ్యగారూ, గాలి మెల్లగా పీల్చండి. మాట్లాడొద్దు, వింటే చాలు. కుర్చీ మీరు ఎక్కడ వెయ్యమంటే అక్కడే వేస్తాను. ఇంక దేనికీ నంబరు వెయ్యను. ఒక్కసారి దగ్గండి అత్తయ్యగారూ, దగ్గితే చాలు."

మిషను కూతని మించి ఆయన ఏడుపు కూత పెట్టింది. అంతస్తులన్నిట్లోనూ దీపాలు వెలిగే ఉన్నాయి.

తాళం తెగింది. షట్టరు ఎత్తగానే కలరా ఉండల ఘాటు అందరి మొహానా కొట్టింది. పొద్దున మూడు గంటలు పట్టిన సర్దుడు పది నిమిషాల్లో నడవాలోకి వచ్చిపడింది. నూట పద్దెనిమిది, నూట పదిహేడు అని లెక్కపెట్టే మనిషి లేడు. నిలబెట్టిన పరుపొకటి ఒరిగి అడ్డంగా పడి ఉంది, ఇందాక ధబ్బుమన్నది అదే. పింగాణీ సామాను పెట్టెని స్టోర్‌కీపరే తిరగేసి విసిరాడు. పెట్టె మీద 'పగులును, జాగ్రత్త' అని ఆయన దస్తూరీలోనే ఉంది, పగిలింది. ఆఖరు వరస పెట్టెలు తోసుకుంటూ, మోచేతులు గీరుకుపోతూ, పాక్కుంటూ లోపలికి దూరాడు. దీపం పట్టమని అరిచాడు. భార్య ఫోను దీపం పట్టుకుని వెనకే దూరింది.

వాలుకుర్చీ ఖాళీగా ఉంది. పక్కన గుడ్డసంచిలో ఫోను, దాని తెర మీద ఇరవై ఆరు మిస్డ్ కాల్సు. మనిషి లేదు. ఆయన కుర్చీ కింద చూశాడు. బీరువా వెనక చూశాడు. ఫ్రిజ్జు తలుపు తీసి అందులో కూడా చూశాడు. తరవాత కుర్చీ చెయ్యి పట్టుకుని, ఏమయిందో తెలియక, అలాగే నేల మీద కూర్చుండిపోయాడు.

సరిగ్గా అప్పుడే లిఫ్టు తలుపు తెరుచుకుంది. అందులోంచి అత్తగారు దిగింది. వెనకాల ఒక మంగలాయన, భుజాన తువ్వాలు. సామాను కొండలా పడి ఉన్న నడవాని, తెగిన తాళాన్ని, వెల్డింగాయన్ని ఆవిడ ఒక్కొక్కటిగా చూసింది.

సంగతి ఆ మంగలాయనే చెప్పాడు. పదకొండింటికి ఈ పెద్దమ్మగారు కింది అంతస్తులో బాత్‌రూము వెతుక్కుంటూ వచ్చి, తిరిగి వెళ్ళేటప్పుడు అన్నీ ఒక్కలాగే ఉన్న షట్టర్ల మధ్య దారి తప్పి, ఆయన గది ముందు ఆగింది. ఆయన కొట్టు మారుస్తున్నాడు. నాలుగు తిరుగుడు కుర్చీలు, ఆరు అద్దాలు, ఇంకా మూడు ట్రిప్పుల సామానుంది. తాళం కూడా తెచ్చుకోలేదు. కాస్త చూస్తూ ఉండమ్మా, వచ్చేస్తాను అని, పేరైనా అడగకుండా ఆవిడకి మొత్తం కొట్టు అప్పగించి పోయాడు. అప్పగించిన సామాను వదిలి రావడం ఆవిడకి చేతకాదు. ఒక ట్రిప్పుకీ ఇంకో ట్రిప్పుకీ మధ్య వాల్చిన తిరుగుడు కుర్చీలో ఓ కునుకు కూడా తీసింది. అల్లుడికి పని అయ్యాక ఎలాగూ పిలవడానికి వస్తాడులే అనుకుందట. ఎవరూ రాకపోయేసరికి, ఆఖరు ట్రిప్పు దింపాక ఆయనే ఆవిడని పైకి తీసుకొచ్చాడు.

కూతురు అమ్మని పట్టుకుని ఏడుస్తోంది. మేనేజరమ్మ ఒప్పంద పత్రాన్ని మడిచి మడిచి, ఇంక మడవడానికి వీల్లేనంత చిన్నది చేసింది. స్టోర్‌కీపరు పెట్టెల మధ్య నుంచి నాలుగు కాళ్ళ మీద బయటికి వచ్చాడు. జుట్టు నిండా దుమ్ము, కళ్ళు వాచి, మోచేతుల దగ్గర రక్తం. ఎనిమిదేళ్ళలో రెండోసారి ఆవిడతో తిన్నగా మాట్లాడాడు.

"గంట నుంచి ఇక్కడ గొంతు చించుకుని ఏడుస్తున్నానండీ. కింది అంతస్తులోనే ఉన్నారు. ఒక్క కేక అయినా వినపడలేదా?"

"ఎందుకు వినపడలేదు అల్లుడుగారూ, మొదట్నుంచీ వినపడింది" అంది ఆవిడ. "ఎవరో పాపం కన్నతల్లి కోసం ఏడుస్తున్నాడనుకున్నాను. అత్త కోసమని ఎవరనుకుంటారు?"